రెండు పౌండ్ల లేసు వెనక ఎన్ని గంటలు?

బ్రిటన్‌లో ఏ ఊరి చారిటీ షాపులోకి వెళ్లినా ఓ మూల ఒక బుట్ట కనిపిస్తుంది. పాత టేబుల్ గుడ్డలు, చేతిరుమాళ్లు, వాటి మధ్యలో గుండ్రంగా, పువ్వుల డిజైన్‌తో తెల్లటి లేసు ముక్కలు ఉంటాయి. ఇక్కడివాళ్లు వాటిని డాయిలీ అంటారు. టీ కప్పు కిందో, పూలకుండీ కిందో, కేకు ప్లేటు కిందో పరిచే చిన్న అల్లిక అది. ధర ఒకటో రెండో పౌండ్లు. ఓ కప్పు కాఫీ కంటే చవక.

మన ఇళ్లకు ఇది కొత్త వస్తువేమీ కాదు. ఎనభైల్లో, తొంభైల్లో పెరిగిన వాళ్లను అడగండి. టీవీ మీద, రేడియో మీద, ఫ్రిజ్ మీద, అతిథులకు మంచినీళ్లు తెచ్చే ట్రేలో, అన్నిచోట్లా ఒక క్రోషియా అల్లిక ఉండేది. అమ్మమ్మో, పిన్నో, పెళ్లికి ముందు అమ్మో అల్లినది. వాటికి డాయిలీ అన్న పేరుందని చాలామందికి ఈ దేశం వచ్చాకే తెలిసింది. ఆ పేరు కూడా ఓ బట్టల వ్యాపారిది. పదిహేడో శతాబ్దం చివర్లో లండన్‌లోని స్ట్రాండ్ వీధిలో డాయిలీ అనే ఆయన కొట్టు నడిపేవాడు. చవగ్గా ఉంటూనే దర్జాగా కనిపించే బట్టకు ఆ కొట్టు పెట్టింది పేరు. క్రమంగా భోజనాల బల్ల మీద వేసే చిన్న గుడ్డలకు అతని పేరే స్థిరపడింది.

చవగ్గా ఉండాలి, దర్జాగా కనబడాలి. మూడు వందల ఏళ్ల తర్వాతా డాయిలీ నుంచి జనం కోరుకునేది అదే. అయితే ఆ చవకదనం భారం ఎవరి మీద పడుతోందన్నది ఒక్కసారైనా అల్లి చూస్తే తప్ప అర్థం కాదు. నాలాంటి సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి గంటల లెక్క రోజూ ఉండేదే. ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో వారం చివర టైమ్‌షీట్‌లో నింపకపోతే జీతం కదలదు. లేసుకు మాత్రం ఆ టైమ్‌షీట్ ఎవరూ నింపలేదు.

యంత్రానికి లొంగని అల్లిక

నేనుండేది నాటింగ్‌హామ్ దగ్గర. ఊరి నడిబొడ్డున లేస్ మార్కెట్ అనే పేట ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్ద లేసు వ్యాపార కేంద్రాల్లో ఇదొకటి. ఎర్ర ఇటుకల గోదాములు ఇప్పుడు ఆఫీసులుగా, ఫ్లాట్లుగా, రెస్టారెంట్లుగా మారాయి. జాన్ హీత్‌కోట్ 1808లో వలలాంటి లేసు నేసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. 1813లో జాన్ లీవర్స్ తెచ్చిన యంత్రానికి తర్వాత చేసిన మార్పులతో పువ్వులు, లతలు కూడా మరమీదే రావడం మొదలైంది. చేత్తో నెలల తరబడి చేసే లేసు యంత్రం మీద గజాల లెక్కన దిగింది. చేతి లేసు కళాకారుల బతుకుతెరువు దెబ్బతింది.

కానీ ఆ యంత్రాలేవీ క్రోషియాను పట్టుకోలేకపోయాయి. క్రోషియాలో ఒకే ఒక సూది, దాని కొసన చిన్న కొక్కెం. ఒకే దారం. ప్రతి కుట్టు అంతకుముందు వేసిన ఏదో ఒక కుట్టులోంచి పుట్టాలి. అది పక్కదే కావచ్చు, కింది వరసలోది కావచ్చు, ఖాళీ చోటు కావచ్చు. సూది ఎక్కడ దూరాలో ప్రతిసారీ కన్నూ వేలూ కలిసి నిర్ణయించుకోవాలి. మిషన్ మీద నిట్టింగ్ వస్తుంది, నేత వస్తుంది, ఎంబ్రాయిడరీ వస్తుంది. అసలైన క్రోషియాను టోకున అల్లి పడేసే యంత్రం మాత్రం ఈరోజుకీ మార్కెట్లో లేదు.

ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, షాపులో చూసే ప్రతి క్రోషియా ముక్కా వేరేగా కనిపిస్తుంది. అది ఎంత చవగ్గా అమ్ముడుపోయినా సరే, ఎవరో ఒక మనిషి కూర్చుని అల్లిందే.

మరి యంత్రం మీద చేసిన నకిలీలు లేవా అంటే, ఉన్నాయి. కరిగిపోయే గుడ్డ మీద మిషన్‌తో దట్టంగా ఎంబ్రాయిడరీ చేసి, తర్వాత ఆ గుడ్డను కరిగించేస్తారు. మిగిలిన దారాల అల్లిబిల్లి దూరం నుంచి క్రోషియాలాగే ఉంటుంది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ముక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని ఒక దారాన్ని కంటితో అనుసరించండి. చేతి అల్లికలో అది ఉచ్చులు ఉచ్చులుగా, జడలాగా సాగుతుంది. ఒక్కో కుట్టునూ లెక్కపెట్టొచ్చు. నకిలీలో దారాలు ఒకదాని మీద ఒకటి గజిబిజిగా పడి ఉంటాయి, అంచుల్లో నూగు కనిపిస్తుంది. గుండ్రటి డాయిలీ అయితే వరస ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పే చిన్న అతుకు వెనకవైపు దొరుకుతుంది. అది అల్లినవాళ్ల సంతకం అనుకోండి.

గుండ్రం వెనక ఉన్న లెక్క

గుండ్రటి డాయిలీ చూడ్డానికి అలంకారం, లోపలంతా గణితం. వరసలు పెరిగేకొద్దీ చుట్టుకొలత పెరగాలి. ఎంత పెరగాలన్నదే కిటుకు. చాలినన్ని కుట్లు పెంచకపోతే డాయిలీ గిన్నెలా ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లు పడుతుంది. బల్ల మీద అప్పడంలా పరుచుకోవాలంటే లెక్క సరిగ్గా కుదరాలి.

క్రోషియా నేర్పేవాళ్లు ఇందుకు ఒక సూత్రం చెబుతారు. పొట్టి కుట్లతో అల్లితే వరసకు 6 కుట్లు, పొడుగు కుట్లతో అల్లితే 12, ఇంకా పొడుగువైతే 18 చొప్పున పెంచుకుంటూ పోవాలి. తరతరాలుగా చేతుల నుంచి చేతులకు వచ్చిన ఈ అంకెలకు హైస్కూలు లెక్కల్లోనే కారణం ఉంది. పొట్టి కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం. ఒక వరస వేస్తే వ్యాసార్థం ఒక కుట్టంత పెరుగుతుంది. చుట్టుకొలత పెరిగేది దానికి రెండు పైలంత, అంటే 6.28 కుట్లు. ముక్కలు కుట్టలేం కనక 6. పొడుగు కుట్టు ఎత్తు దాని వెడల్పుకు సుమారు రెట్టింపు. కాబట్టి 12.56, అంటే 12. మూడింతలైతే 18.84, అంటే 18. మిగిలిన చిన్న తేడాను దారానికి ఉన్న సాగుడు సర్దేస్తుంది. బడి మొహం చూడని ఆడవాళ్లు కూడా పై విలువను వేళ్లతో వాడుతూ వచ్చారన్నమాట.

ఈ లెక్కను కావాలని తప్పిస్తే ఏమవుతుందో చూపించి పేరు తెచ్చుకున్న గణిత శాస్త్రవేత్త ఒకరున్నారు. లాత్వియాలో పుట్టిన డైనా టైమిన్యా అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ 1997లో క్రోషియాతో హైపర్‌బోలిక్ తలం నమూనా అల్లారు. వరసకు ఇన్ని కుట్లని కాకుండా, ప్రతి వరసలోనూ కుట్లను ఒకే నిష్పత్తిలో పెంచుకుంటూ పోయారు. ఫలితం మన పెరళ్లలోని కోడిజుట్టు పువ్వులా మడతలు మడతలుగా తిరిగిన ఆకారం. అంతకుముందు కాగితంతో చేసిన నమూనాలు ఇట్టే చిరిగిపోయేవి. క్లాసులో పిల్లలు చేత్తో పట్టుకుని చూడగలిగే గట్టి నమూనా క్రోషియా సూది వల్లే సాధ్యమైంది.

ఏడు పువ్వుల డాయిలీ

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. కిందటి చలికాలం మా అత్తయ్యగారు పాలకొల్లు నుంచి వచ్చి ఆర్నెల్లు మాతో ఉన్నారు. నాలుగింటికే చీకటి పడే రోజుల్లో ఆవిడ నాకు అల్లిక నేర్పారు. "అల్లుడుగారు అల్లుతున్నారు" అని మా ఆవిడ బంధువులందరికీ వాట్సాప్‌లో ఫొటో పెట్టింది. నవ్వుకున్నవాళ్లు నవ్వుకున్నారు గానీ, నేర్చుకోవడం మొదలుపెట్టేవాళ్లకు ఈ డిజైన్ కంటే తేలికైనది లేదు.

కావాల్సినవి మూడే. 10వ నంబరు నూలు దారం ఒక ఉండ, 1.5 మిల్లీమీటర్ల స్టీలు క్రోషియా సూది, చిన్న కత్తెర. దారం నంబరు పెరిగేకొద్దీ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. 20, 40 నంబర్లు చెయ్యి తిరిగాక పట్టుకోవచ్చు.

ఒక హెచ్చరిక. అమెరికా పుస్తకాల్లో, బ్రిటన్ పుస్తకాల్లో ఒకే పేరుకు వేర్వేరు కుట్లున్నాయి. అమెరికాలో సింగిల్ క్రోషే అనేదాన్ని ఇక్కడ డబుల్ క్రోషే అంటారు. అమెరికా వాళ్ల డబుల్ ఇక్కడ ట్రెబుల్. డాలస్‌లో ఉన్న చెల్లెలు పంపిన డిజైన్‌ను లండన్‌లో అక్క యథాతథంగా అల్లితే ఆకారమే మారిపోతుంది. ఆస్ట్రేలియాలోనూ బ్రిటిష్ పేర్లే నడుస్తాయి. అందుకే ఇక్కడ తెలుగులోనే చెబుతాను. చైను అంటే గొలుసు కుట్టు. పొట్టి కుట్టు అంటే అమెరికా సింగిల్. పొడుగు కుట్టు అంటే అమెరికా డబుల్. ఈ రెంటికీ మధ్యలోది సగం పొడుగు.

ముందు ఒక పువ్వు. 8 చైన్లు వేసి మొదటి చైనుకు కలిపితే చిన్న ఉంగరం వస్తుంది. 3 చైన్లు పైకి వేయండి, అది మొదటి పొడుగు కుట్టు కింద లెక్క. ఉంగరంలోకి మరో 23 పొడుగు కుట్లు వేసి ముగించండి. మొత్తం 24. ఇది పువ్వు దుద్దు.

రెండో వరసలో ముడి వేసిన చోటే ఒక పొట్టి కుట్టు, ఆ తర్వాత 6 చైన్లు. కింద 3 కుట్లు వదిలేసి నాలుగోదాంట్లో పొట్టి కుట్టు. ఇలా చుట్టూ తిరిగితే, ఆఖరి చైన్లను మొదటి పొట్టి కుట్టుకే కలపాలి, 6 ఉచ్చులు వస్తాయి. మూడో వరసలో ఒక్కో ఉచ్చులోకి ఒక పొట్టి, ఒక సగం పొడుగు, 7 పొడుగు, ఒక సగం పొడుగు, ఒక పొట్టి. ఎత్తు మెల్లగా పెరిగి మళ్లీ తగ్గడం వల్ల అది రెక్కలా వంపు తిరుగుతుంది. ఆరు ఉచ్చులకు ఆరు రెక్కలు. పువ్వు సిద్ధం. అడ్డంగా సుమారు 5 సెంటీమీటర్లు ఉంటుంది.

ఇలాంటి పువ్వులు ఏడు కావాలి. మధ్యలో ఒకటి, చుట్టూ ఆరు. ఆరే ఎందుకు? బల్ల మీద ఒక నాణెం పెట్టి, దాన్ని తాకేలా అదే సైజు నాణేలు చుట్టూ పేర్చండి. సరిగ్గా ఆరు పడతాయి, సందు మిగలదు. తేనెపట్టు గదుల కొలత కూడా ఇదే. అందుకే పువ్వుకు ఆరు రెక్కలు పెట్టాం. నడిమి పువ్వు ఒక్కో రెక్క చుట్టూ ఉన్న ఒక్కో పువ్వుకు అందుతుంది.

పువ్వులను విడిగా చేసి సూదీదారంతో కుట్టక్కర్లేదు. రెండో పువ్వు చివరి వరస అల్లుతున్నప్పుడే, రెక్కలో ఏడు పొడుగు కుట్లలో నాలుగోది అయ్యాక సూదిలోంచి ఉచ్చును జార్చండి. సూదిని మొదటి పువ్వు రెక్క కొసలో ముందు నుంచి దూర్చి, జార్చిన ఉచ్చును దాంట్లోంచి లాగండి. రెండు రెక్కలు కొసలు కలుపుకుంటాయి. తర్వాత మామూలుగా అల్లుకుంటూ పోండి. రెండో పువ్వుకు ఒక అతుకు. మూడు నుంచి ఆరో పువ్వు దాకా రెండేసి అతుకులు, ఒకటి నడిమి పువ్వుతో, ఒకటి పక్కదానితో. ఏడోది వలయాన్ని మూస్తుంది కనక దానికి మూడు. మొత్తం 12 అతుకులు. బయటి పువ్వులకు మూడేసి రెక్కలు స్వేచ్ఛగా మిగులుతాయి. ఆ 18 రెక్కలే డాయిలీ అంచు.

అల్లిక పూర్తయ్యేసరికి అది నలిగిన కర్చీఫులా ఉంటుంది. కంగారు పడొద్దు. గోరువెచ్చటి నీళ్లలో ముంచి, తువ్వాలులో పెట్టి ఒత్తి, పల్చటి గంజిలో తడపండి. ఇక్కడ దొరికే స్ప్రే స్టార్చ్ కంటే మన అన్నం గంజే మేలు, బాగా వడగట్టాలి అంతే. మెత్తటి బోర్డు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, నడుమ నుంచి బయటికి లాగుతూ ప్రతి రెక్క కొసకూ తుప్పు పట్టని గుండుసూది గుచ్చండి. ఒక రాత్రి ఆరితే మర్నాటికి పలకలా నిలబడుతుంది. దాచిపెట్టేముందు మాత్రం గంజి ఉతికేయాలి. లేకపోతే గంజి కోసం పురుగులొచ్చి దారం కొరికేస్తాయి.

నాకు ఒక్కో పువ్వుకు 40 నిమిషాలు పట్టింది. ఏడింటికి 4 గంటల 40 నిమిషాలు. గంజి, గుండుసూదులకు ఇంకో 20 నిమిషాలు. అడ్డంగా 15 సెంటీమీటర్ల డాయిలీకి 5 గంటలు. మా అత్తయ్యగారు అందులో సగం సమయంలో ముగించారు, అదీ టీవీ సీరియల్ చూస్తూ.

నరసాపురం చేతులు

ఆవిడ వేళ్లకు ఆ వేగం ఊరికే రాలేదు. పెళ్లికి ముందు ఆవిడ లేసు అల్లింది ఇంట్లో టీవీ కోసం కాదు, ఎగుమతి కోసం. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో అరుగుల మీద కూర్చుని ఆడవాళ్లు అల్లిన లేసు దశాబ్దాలుగా యూరప్‌కు, అమెరికాకు వెళ్తోంది. చారిటీ షాపు బుట్టలో ఉన్న ముక్క ఏ ఊరిదో రుజువు చేయలేం. కానీ అందులో ఏదో ఒకటి మన గోదావరి డెల్టాలో పుట్టి ఉండొచ్చనడంలో వింత లేదు.

ఈ విద్య అక్కడికి వెళ్లిందే ఈ దేశం నుంచి. డెవన్ ప్రాంతానికి చెందిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు 1836లో ఇంగ్లండ్ నుంచి బయల్దేరి నరసాపురం ప్రాంతంలో స్థిరపడ్డారు. 1844లో మెక్రే అనే స్కాట్లాండ్ దంపతులు అక్కడి ఆడవాళ్లకు లేసు నేర్పారని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. అప్పటికింకా ధవళేశ్వరం ఆనకట్ట లేదు. గోదావరి పక్కనే పారుతున్నా కరవులు తప్పని రోజులవి. దాదాపు అదే కాలంలో, 1845 తర్వాత, ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట పోయి కరవు వచ్చినప్పుడు అక్కడి కాన్వెంట్లలోనూ ఆకలి తీర్చుకునే మార్గంగా క్రోషియా లేసే నేర్పారు. రెండుచోట్లా కారణం ఒకటే. సూదీ దారం ఉంటే చాలు, పొలం అక్కర్లేదు, మగ్గం అక్కర్లేదు, గడప దాటక్కర్లేదు.

ఆ చివరి మాటలోనే చిక్కంతా ఉంది. గడప దాటని పని ఎవరి లెక్కలోకీ రాలేదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ డెబ్భైల చివర్లో నరసాపురం వచ్చి లేసు అల్లే ఆడవాళ్లతో మాట్లాడారు. 1982లో వెలువడిన ఆవిడ పుస్తకం 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' ప్రపంచవ్యాప్తంగా విశ్వవిద్యాలయాల్లో పాఠ్యంగా చదివిన రచన. ఆవిడ గమనించింది సూటిగా చెప్పుకోవచ్చు. ఇంటి చాకిరీ అంతా అయ్యాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్లకు రోజు మీద రూపాయి కూడా గిట్టేది కాదు. వ్యాపారం, ఎగుమతి మగవాళ్ల చేతుల్లో. జనాభా లెక్కల్లో ఆ ఆడవాళ్లు కార్మికులు కారు, గృహిణులు. తీరిక వేళల్లో ఏదో అల్లుకుంటారు అన్నది అందరి మాట, ఒక్కోసారి వాళ్ల మాట కూడా.

పని పంచిన తీరు కూడా అలాంటిదే. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినది పట్టుకెళ్తాడు. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. పువ్వులు అల్లేది ఒకరైతే అతికేది మరొకరు. పూర్తయిన దుప్పటి ఎలా ఉంటుందో, ఏ దేశం వెళ్తుందో, ఎంతకు అమ్ముడవుతుందో చాలామందికి తెలిసే వీలే లేదు.

అల్లిక నేర్చుకుంటూ నేనొకరోజు అడిగాను, "అప్పట్లో దీనికి ఎంత ఇచ్చేవారండీ అత్తయ్యగారూ?" అని.

ఆవిడ సూది ఆపకుండానే, "డబ్బులు మా నాన్నగారికి ఇచ్చేవారండి. ఎంతో నేనెప్పుడూ అడగలేదు" అన్నారు.

గంట ఖరీదు

సరే, ఇప్పుడు టైమ్‌షీట్ నింపి చూద్దాం. బ్రిటన్‌లో 21 ఏళ్లు నిండినవారికి 2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. ఆ లెక్కనే తీసుకుందాం. మా అత్తయ్యగారి వేగంతో, అంటే రెండున్నర గంటల్లో, అల్లిన చిన్న డాయిలీకి పనివిలువ 30 పౌండ్ల పైచిలుకు. నా వేగమైతే 61 పౌండ్లు. పువ్వుకు 20 నిమిషాల చొప్పున 300 పువ్వుల టేబుల్ గుడ్డ అల్లితే 100 గంటలు, 1,221 పౌండ్లు. ఇందులో దారం ఖర్చు లేదు, అతుకుపని లేదు, రవాణా లేదు.

పాత డాయిలీ రెండు పౌండ్లకు వచ్చిందంటే సరే, అది ఎవరో దానం ఇచ్చింది. కొత్తగా అమ్ముతున్న చేతి అల్లిక డాయిలీలే నాలుగైదు పౌండ్లకు ఇక్కడ చూశాను. ఆ ఐదు పౌండ్లూ నేరుగా అల్లినామెకే చేరాయనుకున్నా గంటకు రెండు పౌండ్లే. షాపు, దిగుమతిదారు, ఎగుమతిదారు, ఏజెంటు తమ వాటా తీసుకున్నాక మిగిలేదెంతో మీరే ఊహించండి. ఇండియాలో ఖర్చులు తక్కువ, ఇక్కడి వేతనంతో పోల్చకూడదు అనొచ్చు. నిజమే. కానీ అదే ఇండియా నుంచి అదే దేశానికి సాఫ్ట్‌వేర్ అమ్మేటప్పుడు గంటకింత అని రేటు మాట్లాడుకుంటాం. లేసుకు మాత్రం ముక్కకింత అంటాం. గంట అన్న మాట ఎత్తితే బేరం కుదరదు.

దీని ఫలితం ఇప్పుడు కనిపిస్తోంది. యంత్రం మీద తయారై క్రోషియాలా కనిపించే చైనా లేసు ఒకవైపు పోటీకి వచ్చింది. ఇంకోవైపు, అల్లే చేతులకు వయసు మీరుతోంది. చదువుకున్న కూతుళ్లు ఈ పనిలోకి రావడం లేదు. వాళ్లను తప్పుపట్టలేం. అమ్మ కళ్లు పోగొట్టుకోవడం చూసిన పిల్ల అదే సూది ఎందుకు పడుతుంది?

ఆశ లేకపోలేదు. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ ప్రాంతంలో చేత్తో అల్లినదాన్ని మాత్రమే ఆ పేరుతో అమ్మాలి. డార్జిలింగ్ టీకి, పోచంపల్లి ఇక్కత్‌కు ఉన్న రక్షణ లాంటిదే ఇది. నరసాపురం దగ్గర లేసు పార్కు ఉంది. ఆడవాళ్లు సంఘాలుగా ఏర్పడి నేరుగా అమ్ముకునే ప్రయత్నాలూ నడుస్తున్నాయి. అయితే ముద్ర ఒక్కటే ధర పెంచదు. కొనేవాళ్లు ఆ ముద్రను అడగాలి.

మన చేతిలో ఉన్నది

ఆ కొనేవాళ్లలో మనమూ ఉన్నాం. గృహప్రవేశాలకు, సీమంతాలకు, తోటి ఉద్యోగుల పెళ్లిళ్లకు బహుమతులు వెతుక్కుంటూనే ఉంటాం. ఇండియా వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి నరసాపురం. అక్కడి మహిళా సంఘాల దగ్గరే కొనండి. ముక్క ధర కాకుండా ఎన్ని గంటలు పట్టిందని అడగండి. ఆ జవాబు విన్నాక బేరం ఆడాలనిపించదు.

పిల్లల చూడటానికి వచ్చి ఆర్నెల్లు నాలుగు గోడల మధ్య గడిపే అమ్మలు, అత్తయ్యలు మన ఇళ్లలో ఉన్నారు. బయట మంచు, భాష రాదు, పలకరించే మనిషి ఉండరు. వాళ్లకు ఒక సూది, ఒక ఉండ తెచ్చివ్వండి. బ్రిటన్‌లో చాలా లైబ్రరీల్లో వారానికోసారి అల్లికలు చేసుకునేవాళ్లు కూడి కబుర్లాడుకుంటారు. భాష రాకపోయినా అక్కడ సూది మాట్లాడుతుంది. మా అత్తయ్యగారు రెండోవారానికే పక్కనున్న ఆవిడకు అతుకు వేయడం నేర్పి వచ్చారు. వారాంతపు తెలుగు బడుల్లోనూ ఓ గంట పెట్టొచ్చు. పువ్వు, రెక్క, దుద్దు, ముడి, అతుకు, ఉచ్చు, గంజి... ఒక డాయిలీలో ఎన్ని తెలుగు మాటలున్నాయో చూడండి. పై విలువ అదనం.

ఇంకొకటి మన తెలుగు సంఘాలకు. ఉగాదికి, సంక్రాంతికి హాలు బయట చేతివృత్తుల స్టాళ్లు పెడుతుంటాం. ఈసారి లేసు పెడితే, ధర చీటీ పక్కనే చిన్న కార్డు ఒకటి పెడదాం. అల్లినవారి అనుమతితో ఆవిడ పేరు, ఊరు, పట్టిన గంటలు అందులో రాద్దాం. ఈ ఉగాదికి మా ఊరి స్టాల్లో పెట్టబోయే మొదటి కార్డులో పాలకొల్లు, రెండున్నర గంటలు అని ఉంటుంది. ధర ఎంత వేయాలో మాత్రం ఈసారి మా అత్తయ్యగారినే చెప్పమన్నాం.